నీళ్ళు తాగిన ఇటుకలు

రండి, ఇలా దగ్గరగా జరగండి. అరుగు మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి, వాటిని కాస్త అటు నెట్టి చాప పరుచుకోండి. మంచు విడిచేదాకా ఎలాగూ ఎవరూ తోటలోకి వెళ్ళరు. కంపెనీల్లో పనికి చేరబోయే పిల్లలు ముందు కూర్చోండి. వెనక కూర్చున్నవాళ్ళకూ వినబడుతుంది లెండి. కంప్రెషరు మోత మీద అరిచి అరిచి పెరిగిన గొంతు నాది.

నేను ఏం పని చేశానని అడిగితే మా చుట్టాల్లో సగంమంది "ఇటుకల కంపెనీలో" అని ఊరుకుంటారు. వినేవాళ్ళు ఇల్లు కట్టే ఇటుకలనుకుంటారు. సున్నం కాల్చే బట్టీలు, సిమెంటు బట్టీలు, ఇనుము కరిగించే కొలుములు ఉంటాయి కదా, వాటి లోపలి గోడలకు పేర్చే ఇటుకలు మావి. ఫైర్ బ్రిక్స్ అంటారు. మంటకు కరగకుండా నిలబడితే వాటి పని అయిపోదు. బట్టీ లోపల పైనుంచి రాళ్ళు దొర్లుతూ పడుతుంటాయి, బొగ్గు దుమ్ము ఈడ్చి కొడుతుంటుంది. పగలూ రాత్రీ రాపిడే. ఆ రాపిడికి ఇటుక ఎంత అరుగుతుందో బట్టీలో పెట్టకముందే చూసి చెప్పడం నా పని.

చూసేది ఇలా. ఇటుకను సగానికి కోస్తే అరచేతి వెడల్పు చదరపు ముక్క వస్తుంది. దాన్ని ఓవెన్‌లో ఆరబెట్టి తూచాలి. ఇనప పెట్టెలో పడుకోబెట్టి, దాని మీదకు నిటారుగా ఒక గాజు గొట్టం దించాలి. కంప్రెషరు గాలి ఆ గొట్టంలోంచి ఉరుముతూ దిగుతుంటే కిలో గ్రిట్టు అందులోకి వదలాలి. గ్రిట్టు అంటే నల్లటి గరుకు రవ్వ. గుప్పిట పడితే గాజుపెంకుల్లా గుచ్చుకుంటుంది. ఏడున్నర నిమిషాలు అది ఇటుక ముఖం మీద ఒకేచోట కొడుతుంది. తీసి చూస్తే అక్కడ సొట్ట పడి ఉంటుంది. దుమ్ము దులిపి మళ్ళీ తూచాలి. ముందు తూకానికీ తర్వాతి తూకానికీ ఉన్న తేడాయే అరుగుదల. తేడా తక్కువ వస్తే ఇటుక గట్టిది.

అంతేనా అంటారు. అంతే. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. సరిగ్గా చేసినా అంకె వస్తుంది, తప్పుగా చేసినా అంకె వస్తుంది. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. అన్నం మాడితే వాసన వస్తుంది. మాడిన అంకెకు వాసన ఉండదు.

చెవితో దొరికిన పని

ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి దాకా చదివి, పెళ్ళయ్యాక అనంతగిరి దిగి, ఘాట్ రోడ్డు కింద ఉన్న ఆ చిన్న కంపెనీలో మట్టి యార్డులో చేరాను. మట్టిగడ్డలు పగలగొట్టడం, రాళ్ళు ఏరడం, బట్టీలోంచి వచ్చిన ఇటుకలు లారీ దగ్గరకు మోయడం. మోసేటప్పుడు కొన్ని ఇటుకలను నేను పక్కన పెట్టేసేదాన్ని. ఒకరోజు టెస్టింగు రూము పెద్ద మూర్తిగారు చూశారు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులూ ఒక కుంచె.

"ఎవరమ్మా నువ్వు? మంచి ఇటుకలు అలా పారేస్తున్నావేం?"

"ఇయ్యి మంచియి కావు సారూ. లోపల కాల్లేదు. ఇనండి" అని రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తాటించాను. టప్ మంది. బాగా కాలినవి తాటించి చూపించాను. గంటలా ఖంగుమంది.

ఆయన అక్కడికక్కడే నేను పక్కన పెట్టినదాన్ని సుత్తితో పగలగొట్టించారు. నడిమధ్యలో నల్లటి గుండె ఉంది.

"ఇది నీకెవరు నేర్పారు?"

"నేర్పేదేటుంది సారూ. సంతలో కుండ కొట్టి సూడకుండా కొంటామేటి?"

మర్నాటి నుంచి నన్ను టెస్టింగు రూముకు రమ్మన్నారు. మా కొండ ఆడవాళ్ళలో ఆ గుమ్మం లోపలికి మొదట వెళ్ళింది నేనే. ఆరు నెలలకు ఎస్తేరు వచ్చింది. మా పక్క గూడెం పిల్లే, చర్చి పాటలు బాగా పాడేది. ఇటుకలు కోసే పని తనది. మా దగ్గర నీళ్ళు పోయకుండా పొడిగానే కోసేవాళ్ళు. పాట ఎక్కడ ఆగితే అక్కడ ఇటుక తెగిందని మాకు తెలిసేది.

మూర్తిగారి పట్టింపులు

నేను చూసిన అధికారుల్లో మూర్తిగారు మంచివారు. మంచివారంటే మెత్తగా మాట్లాడేవారని కాదు. కాటా దగ్గర మాట్లాడితే చూపుతోనే బయటకు పంపేవారు. ఒక గాజు గొట్టంతో ఒక ముక్కే కొట్టాలనేవారు. గ్రిట్టు గొట్టాన్ని కూడా లోపలినుంచి తినేస్తుంది, గొట్టం వెడల్పయితే గాలి చెదిరి దెబ్బ తగ్గుతుంది, ఇటుక ఊరికే గట్టిదైపోతుంది. "గొట్టం కోసం స్టోరు వాళ్ళతో గొడవ పడటం కూడా నీ పనే" అనేవారు నాతో. పడ్డాను.

ఆయన తర్వాత వచ్చిన ఇంకొకాయన చాలా తియ్యగా మాట్లాడేవారు. గ్రిట్టును మళ్ళీ మళ్ళీ వాడించేవారు. అలా వాడితే రవ్వ అంచులు మొద్దుబారి ఇసకలా అయిపోతుంది. ఇక దానికి ఏ ఇటుకైనా గట్టిదే. "సారూ, గ్రిట్టు సచ్చిపోయింది" అని వేళ్ళ మధ్య రుద్ది చూపిస్తే, "అంకెలు బాగున్నాయి కదా దాలమ్మా, నీకెందుకు బెంగ" అన్నారు. ఏడాది తిరక్కుండా బయట బట్టీల నుంచి మా ఇటుకలు పలకల్లా అరిగి వెనక్కి వచ్చాయి. ఆయన అప్పటికే వేరేచోటికి వెళ్ళిపోయారు. ఆ మాటలు పడ్డది మేము. అధికారి నవ్వుతూ చెప్పినా, కసిరి చెప్పినా, చచ్చిన గ్రిట్టు చచ్చిన గ్రిట్టే. పారబోయండి.

అయితే అందరి తప్పులూ చెప్పి నాది దాచుకుంటే ఈ కూర్చోబెట్టడం దండగ. ఇక నాది చెబుతాను.

అప్పలస్వామి బట్టీ

బట్టీకి మంట పెట్టే మేస్త్రీ అప్పలస్వామి. విజయనగరం దిక్కు మనిషి. మీసాలు మంట సెగకు కాలి, ఒక వైపు పొట్టిగా ఉండేవి. మెడలో తాడుకు చెక్క చట్రంలో నీలిగాజు వేలాడేది. బట్టీ కంతలోంచి ఆ గాజు పెట్టి మంట రంగు చూసి లోపల ఎంత వేడి ఉందో చెప్పేవాడు. నేను మావా అనేదాన్ని. నన్ను అమ్మీ అనేవాడు. పని విరమణకు రెండేళ్ళే ఉంది. మంట తప్ప ఇంకో పని తెలియదు, కంపెనీ ఇచ్చిన గది తప్ప వేరే ఇల్లు లేదు.

మూర్తిగారు ఉన్న రోజుల్లోనే ఒక ఏడాది సున్నపు బట్టీ వాళ్ళు పెద్ద ఆర్డరు ఇచ్చారు. పైనుంచి రాళ్ళు వచ్చి పడే చోటికి పేర్చే ఇటుకలు. బాగా రాపిడి ఉండే చోటు. పరీక్ష తమ కళ్ళముందు చేయాలని కూడా అడిగారు. బట్టీ మంట మీద ఉండగానే బొగ్గు తక్కువైంది. మా మేనేజరు మంట ఆపమన్నాడు.

"బాబూ, లోపలింకా ఉడకనేదు" అన్నాడు అప్పలస్వామి. "ఇప్పుడు మంట తీసేత్తే పైన ఇటిక, లోన మట్టి. ఇంకా రెండ్రోజులు కావాల."

"నీకు ప్రతిసారీ రెండు రోజులు కావాలి."

"నాక్కాదు బాబూ, దానికి కావాల."

యార్డు అంతా వింటోంది. మేనేజరుకు మాట పోయినట్టయింది. "సరే, కాల్చుకో. ఆ రెండు రోజుల బొగ్గుకు నువ్వే పూచీ. టెస్టులో ఇటుకలు నిలబడితే సరి. లేకపోతే ఆ పూటే గది ఖాళీ చేసి పో" అన్నాడు.

"అలగే" అన్నాడు అప్పలస్వామి, నీలిగాజు తుడుచుకుంటూ.

బట్టీ చల్లారి తెరిచాక చూడాలి ఆ ఇటుకలు! తాటిస్తే చర్చి గంటలా మోగాయి. నాకు ఏ అనుమానమూ లేదు.

కొత్త తిరగలికి చేసినట్టు

కొనేవాళ్ళను తీసుకురావడానికి మూర్తిగారు ముందురోజు సాయంత్రం విశాఖపట్నం బయల్దేరారు. వెళ్తూ నాకు చెప్పింది ఇంతే. "ముక్కలు మూడూ దుమ్ము లేకుండా శుభ్రం చేసి, ఆరబెట్టి ఉంచు. మేం వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి."

రోజూ అయితే కుంచెతో దులిపేదాన్ని. ఆ రోజు ముక్కల నిండా బూడిద, కోసిన పొడి అంటుకుని ఉన్నాయి. రేపు పెద్దవాళ్ళు వస్తారు. కుంచె సరిపోదనిపించింది. చెయ్యి తనకు తెలిసిన పని చేసింది.

మా వైపు కొత్త తిరగలి ఇంటికి వస్తే ఒక రాత్రి నీళ్ళలో పెడతారు. రాతి కంతల్లో ఉన్న పొడి నాని వదులుతుంది. పొద్దున తవుడు వేసి రుద్ది, మొదటి వాయి పిండి అవతల పారబోసి, ఆ తర్వాతే ఇంట్లోకి చోళ్ళు విసురుతారు. చోళ్ళంటే రాగులు, మీకు తెలియంది కాదు. అలా చేయకపోతే అంబలిలో ఇసక తగులుతుంది, వచ్చిన చుట్టం ముఖం చిట్లిస్తాడు. మా అమ్మ చేసింది, నేను చేశాను. ఇది ఒకరు చెప్పాల్సిన విషయమని కూడా నాకు తోచదు.

బకెట్టు నింపి మూడు ముక్కలూ అందులో వేశాను. వాటిలోంచి సన్నగా బుడగలు లేచాయి. దాహం మీదున్న దూడ తాగినట్టు తాగుతున్నాయని ముచ్చటపడి, తలుపు వేసి ఇంటికి పోయాను.

పొద్దున తీసి, గుడ్డతో తుడిచి, ఓవెన్‌లో పెట్టాను. మధ్యలో కరెంటు పోయింది. రెండు గంటలైనా నడిచిందో లేదో. తీసి చేత్తో ముట్టుకుంటే వేడిగా, పైకి పొడిగా ఉన్నాయి. అప్పుడే మూర్తిగారు వచ్చారు. వెనక ఇద్దరు. వాళ్ళలో పెద్దాయన ఇంజనీరు, కళ్ళజోడు తాడుతో మెడకు కట్టుకున్నాడు.

"ఓవెన్‌లో పెట్టావా?" అన్నారు మూర్తిగారు.

"పెట్టినాను సారూ."

అబద్ధం కాదు. ఆరిందో లేదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తూచి, మళ్ళీ కాసేపు ఓవెన్‌లో పెట్టి, ఇంకోసారి తూచాలి. రెండు తూకాలూ ఒకటైతేనే ఆరినట్టు. ఆ రోజు అతిథులు నిలబడే ఉన్నారు. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. బట్టీలోంచి వచ్చిన ఇటుకలో తేమ ఏముంటుందని మూర్తిగారు ఒక్కసారే తూచారు. అంత పట్టింపు మనిషి, జీవితంలో ఒక్కరోజు తొందరపడ్డారు. సరిగ్గా ఆ రోజే.

మొదటి ముక్క కొట్టాం. తూచాం. మూర్తిగారు కాటా మీదకు వంగి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూశారు. అరుగుదల మామూలుకు దాదాపు రెండింతలు. రెండోదీ అంతే. మూడోది కాస్త నయం. కానీ ఆ నయం ఆర్డరుకు చాలదు. మూడు ముక్కలూ పోయినట్టే.

అతిథులు అంకెలు రాసుకున్నారు. మాట్లాడింది మేనేజరే. "చూశారా! రెండు రోజులు బొగ్గు తగలేసి తెచ్చింది ఇదీ! అప్పలస్వామికి చెప్పండి, సాయంత్రానికి గది ఖాళీ అవ్వాలని."

అందరూ భోజనానికి వెళ్ళారు. గదిలో నేనూ ఎస్తేరూ మిగిలాం.

సొట్టలో చోళ్ళు

ఎస్తేరు గ్రిట్టు ఊడుస్తోంది. నేను ముక్కలను అరలో సర్దుతున్నాను. మొదటిదాని సొట్టలో బొటనవేలు పెట్టి చూశాను. ఊరికే, అలవాటుగా. వేలు దిగలేదు. అంత అరిగిన ఇటుక సొట్టలో వేలు కుదురుగా కూర్చోవాలి.

మూర్తిగారు కొట్టిన ముక్కలన్నీ అరల్లో దాచేవారు. రాసుకోవడం నాకు నెమ్మది, కానీ ఏ ముక్క ఎంత అరిగిందో తలలో ఉండేది. తలుపు పక్క రెండో అరలో, కిందటేడు వినాయక చవితికి ముందు వారం కొట్టిన ముక్క ఒకటుంది. ఇదే రకం ఇటుక, సరిగ్గా ఇంతే అరుగుదల. దాన్ని తెచ్చి పక్కన పెట్టాను. దాని సొట్ట గిన్నెలా ఉంది. దీనిది పళ్ళెంలా ఉంది.

కంటిచూపు చాలదనిపించింది. సంతలో కొన్న చోళ్ళ సంచీ గూట్లో ఉంది. పాత ముక్క సొట్టలో చోళ్ళు పోసి, స్కేలుతో అంచుకు సమంగా గీశాను. ఆ చోళ్ళను కాగితం మీదకు ఒంపి కొత్త ముక్క సొట్టలో పోయడం మొదలుపెట్టాను.

"ఏటే దాలమ్మా, ఇటికలకి అన్నం పెడతన్నావా? ముందు నువ్వు తిను" అంది ఎస్తేరు.

"ఇలా రాయే. సూడు."

సొట్ట అంచు దాకా నిండింది. కాగితం మీద ఇంకా సగం చోళ్ళున్నాయి.

"తూకంలో ఈ రెండూ ఒకేలాగ అరిగినాయి. సొట్టలో సూత్తే సగమే పట్టింది."

"అయితే ఏటంటావు?"

"ఇటిక అంత అరగనేదే. మరి బరువెక్కడికి పోయింది?"

అంటూనే నా చూపు మూలనున్న బకెట్టు మీద పడింది. అడుగున బూడిదనీళ్ళు. మిగిలిన నీళ్ళను ఎవరు తాగారో అప్పుడు తెలిసింది. ఇటుకలు తాగిన నీళ్ళే తూకంలో ఎక్కాయి. వేడి మీద, ఆ గాలికి వాటిలో కొన్ని ఆవిరై పోయాయి. మూడో ముక్క తన తూకం వచ్చేదాకా ఎక్కువసేపు బయట ఆగింది, కాస్త ఎక్కువ ఆరింది, అందుకే నయంగా కనబడింది. ఆ బకెట్టు పక్కనే కింద కూర్చున్నాను.

ఎస్తేరుకు చెప్పాను. అది చీపురు పట్టుకునే నా పక్కన కూర్చుంది.

"ఊరుకోయే. ఎవులు సూసినారు?"

"అప్పలస్వామి మావని ఎల్లగొడతన్నారే."

"ఎరుగుదును. నువ్వు సెప్పినావంటే నిన్ను మట్టి యార్డులోకి తోసేత్తారు. అక్కడితో ఒగ్గేత్తారేటి? కొండోళ్ళని లోపలికి రానిత్తే ఇంతే అంటారు. నన్నూ తోసేత్తారు. మన ఎనక ఇంకొక ఆడగుంట ఈ గుమ్మం తొక్కదు."

ఎస్తేరు చెడ్డది కాదు. అన్నదాంట్లో అబద్ధమూ లేదు. మీకు ఇలాంటి రోజు వస్తే మీ పక్కన కూడా ఒక ఎస్తేరు ఉంటుంది, ఆమె చెప్పేది నిజమే అయి ఉంటుంది. అందుకే కష్టం.

జీపు కదలకముందు

ముందు బట్టీ దగ్గరకు పరుగెత్తాను. అప్పలస్వామి చల్లారిన బట్టీ ముందు కూర్చుని మెడలో నీలిగాజు తాడు విప్పుతున్నాడు. పక్కన ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు.

"నా కళ్ళు పోయినట్టున్నాయే అమ్మీ" అన్నాడు నన్ను చూసి. "మంట తెల్లగా వొచ్చిందనే అనుకున్నాను. ఎర్రగానే ఉందేమో, ముసిలోడికి కనబడనేదేమో."

ఆ మాట నన్ను పొడిచింది. గది పోతున్నందుకు కాదు ఆయన దిగులు. తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయింది.

"నీ కళ్ళకేటీ కానేదు మావా. నానే... ఆ ముక్కలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టినాను."

ఆయన విప్పుతున్న తాడు వదిలేశాడు.

"తానం సేయించావా?"

"ఊఁ."

"తలకి కూడానా?"

నేను ఏడుస్తున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక ముఖం తుడుచుకుని, "అయితే నా మంట మంచిదే" అన్నాడు, తనలో తనే.

"మంచిదే మావా."

"మరి నాకు సెప్తే ఏటవుద్దే? తెలీనోళ్ళకి సెప్పు. బేగి ఎల్లు, ఆళ్ళ జీపు ఎల్లిపోతాది."

"నువ్వూ రా మావా."

"నానొస్తే నాను సెప్పించినానంటారు. ఎల్లు."

జీపు ఇంజను వేసి ఉంది. పెద్ద ఇంజనీరు ఒక కాలు లోపల పెట్టాడు. నేను ముందుకు వెళ్ళి నిలబడి ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నీళ్ళలో వేసింది, రాత్రంతా ఉంచింది, కరెంటు పోయింది, అన్నీ.

మేనేజరు నవ్వాడు. "ఇప్పుడు గుర్తొచ్చిందా? ఆ ముసలాడు ఏడ్చి ఉంటాడు. ఈవిడ జాలిపడి కథ చెబుతోంది."

మూర్తిగారి ముఖం తెల్లబడింది. ఇంజనీరు కాలు కిందకు దించాడు.

"నీళ్ళలో వేశావని మేమెలా నమ్మాలమ్మా?"

"సొట్ట సూడండి బాబూ" అన్నాను. లోపలికి తీసుకెళ్ళి చోళ్ళ సంగతి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తన చేత్తో తనే మళ్ళీ పోసి చూశాడు. కాగితం మీద మిగిలినవాటిని వేలితో కదిపాడు. మూర్తిగారు ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నారు.

"ఈ ముక్కలనే ఓవెన్‌లో పెడదాం. గ్రిట్టు తగలకుండానే బరువు తగ్గిందంటే లోపల నీళ్ళున్నట్టే."

గంటకోసారి తీసి తూచాం. తగ్గింది. మళ్ళీ తగ్గింది. మూడోసారి కూడా తగ్గింది. ఒక్క రవ్వ తగలకుండానే ఇటుక తేలికవుతోంది. మేనేజరు రెండో తూకానికే బయటకు వెళ్ళిపోయాడు.

అతిథులు ఆ రాత్రికి ఉండిపోయారు. అదే బట్టీలోంచి వేరే ముక్కలు కోసి, తెల్లారేదాకా ఓవెన్‌లో ఉంచి, రెండుసార్లు తూచి, రెండు తూకాలూ ఒకటయ్యాకే కొట్టాం. సొట్టలు పళ్ళేల్లాగే వచ్చాయి. ఈసారి కాటా కూడా అదే చెప్పింది. ఆర్డరు నిలబడింది. అప్పలస్వామి పరుపు విప్పి మళ్ళీ మంచం మీద వేసుకున్నాడు.

రిజిస్టరులో

మూర్తిగారు మేనేజరు గదిలో నిలబడి, "ఆరిందో లేదో రెండుసార్లు తూచాల్సింది నేను. తూచలేదు" అని చెప్పారట. ఆ మాట అనగలిగిన అధికారిని నేను మళ్ళీ చూడలేదు. అయినా నన్ను మట్టి యార్డుకు పంపారు. ఎస్తేరును మాత్రం ముట్టుకోలేదు. యార్డులో నాలుగు నెలలున్నాను. ఆ నాలుగు నెలలూ మూర్తిగారు ప్రతి సోమవారం నా పేరు మేనేజరు ముందు ఎత్తుతూనే ఉన్నారు. వర్షాకాలం పోయాక మేనేజరు విసిగిపోయి నన్ను మళ్ళీ తీసుకొమ్మన్నాడు.

యార్డుకు పంపే ముందు ఒక పని జరిగింది. మూర్తిగారు టెస్టుల రిజిస్టరు నా ముందు పెట్టారు. మొదటిరోజు తప్పు అంకెలు మూడూ అందులో ఉన్నాయి.

"కొట్టేయండి సారూ, సిగ్గుగా ఉంది" అన్నాను.

"కొట్టేస్తే మన తర్వాత వచ్చేవాళ్ళకు ఏం తెలుస్తుంది? వాటి కింద ఏం జరిగిందో రాయి. నీ మాటల్లోనే రాయి."

అప్పటిదాకా ఆ రిజిస్టరులో నా చేతిరాత లేదు. అన్నీ తలలో పెట్టుకుని చెప్పేదాన్ని, ఆయన రాసేవారు. తలలో ఉన్నది అంకెలే. ముక్కను ఏ నీళ్ళలో ముంచానో ఎవరూ అడగరు, నేనూ చెప్పను. పొరపాటు అక్కడే దూరింది. మీరు చేతికి అలవాటైపోయిన పనిని కూడా రాయండి. దులిపారా, కడిగారా, ఎంతసేపు ఓవెన్‌లో ఉంచారు, కరెంటు ఎప్పుడు పోయింది. ఇప్పుడు కాటా తన అంకెలను తనే కంప్యూటరుకు పంపుతుందట. బకెట్టు సంగతి అది పంపదు.

నేను పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని రాశాను. "ఈ మూడు ముక్కలు నేను రాత్రి నీళ్ళలో వేసినాను. అందుకు తప్పు వచ్చింది. ఇటుకలు మంచివి. కాల్చినవాళ్ళ తప్పు ఏమీ లేదు. దాలమ్మ."

మూర్తిగారు చదివి, ఆ చివరి వాక్యం కింద తన సంతకం పెట్టారు.

అప్పలస్వామి మిగిలిన రెండేళ్ళూ మంట దగ్గరే ఉన్నాడు. నేను తిరిగి వచ్చిన మొదటిరోజు పరీక్ష ఇటుకను తువ్వాల్లో చుట్టి తనే మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. "అమ్మీ, దీనికి జొరం వొచ్చి తగ్గింది. నీళ్ళు తగలనీకే" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఎస్తేరు పాట కూడా ఆపి నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆయన నీలిగాజు కంటికి పెట్టుకుంటూ బట్టీ వైపు నడిచి వెళ్ళడం కిటికీలోంచి చూశాను. తన కళ్ళను తను నమ్మిన మనిషి నడక అది.

ఆ కంపెనీలో మా కొండ గుంటలు ఇప్పుడు నలుగురున్నారు. ఇక లేవండి, మీ పనులు మీకున్నాయి. మీ ఇళ్ళు పచ్చగా ఉండాలి. పిల్లలు, పెద్దలు, గొడ్డూ గోదా అందరూ కడుపునిండా తిని హాయిగా నిద్రపోవాలి. మీ ఇంట్లో ఎవరి చేతిలోనైనా పొరపాటు జరిగితే, ఆ పూటే నోరు విప్పే ధైర్యం వాళ్ళకు ఉండాలి. విన్నవాళ్ళు ముందు వాళ్ళకు అన్నం పెట్టాలి, కోపం ఉంటే ఆ తర్వాత పడాలి. అలాంటి ఇల్లుగా దేవుడు మీ ఇంటిని ఉంచుగాక.